నల్లా నీళ్ల నుంచి ట్రిబ్యునల్ దాకా: మా ఊరి అనుభవం

మా ఊరి నీళ్లు పాడైనందుకు ఒక మందుల కంపెనీ మీద, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్లో మేం వేసిన కేసు ఇంకా పూర్తిగా ముగియలేదు. ఊరి పేరు, కంపెనీ పేరు ఎక్కడా రాయవద్దని మా లాయరు గట్టిగా చెప్పారు. హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలున్న పారిశ్రామికవాడల్లో ఒకదాన్ని ఆనుకుని మా ఊరు ఉందని మాత్రం చెప్పగలను. నాకు ఊళ్లో జిరాక్స్ దుకాణం ఉంది. అర్జీ రాయించుకోవాలన్నా, ఆధార్ కాపీ తీయించుకోవాలన్నా అందరూ అక్కడికే వస్తారు. ఈ వ్యవహారంలోకి నేను రావడానికి అంతకంటే పెద్ద కారణం లేదు. ఇలాంటి పనికే దిగుతున్న వేరే ఊళ్లవాళ్లు ఈ మధ్య ఫోన్లు చేసి అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి కూర్చుని రాయడం నయమనిపించింది.

2022 జులైలో మొదలైంది. గోదావరికి పెద్ద వరద వచ్చిన నెల అది. మా వైపు కూడా ముసురు వదల్లేదు. మా ఓవర్‌హెడ్ ట్యాంకులోకి మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి. అవి చాలని రోజు పంచాయతీ బోర్ల నీళ్లు కలిపి వదులుతారు. ముసురు కాస్త తెరిపి ఇచ్చాక ఒక పొద్దున ఎసరు కాగుతుంటే వంటింట్లో నెయిల్ పాలిష్ సీసా మూత తీసినట్టు వాసన గుప్పుమంది. బిందెలో చల్లటి నీళ్లు వాసన చూస్తే ఏమీ లేదు. కాగితేనే వస్తోంది. మధ్యాహ్నానికి దుకాణానికి వచ్చిన వాళ్లందరి నోటా అదే మాట. పక్క వీధి అవ్వ ఒకావిడ, “బర్రెలు కుడితి కూడా ముట్టలేదు బిడ్డా” అంది.

పంచాయతీ వాళ్లు వెంటనే ట్యాంకు కడిగించి బ్లీచింగ్ పౌడర్ వేయించారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. అప్పటిదాకా వాసన మాత్రమే ఉన్న నీళ్లకు ఆ రోజు నుంచి ఆసుపత్రి మందు రుచి కూడా తోడైంది. నీళ్లలో ఫినాల్ జాతి పదార్థాలుంటే క్లోరిన్‌తో కలిసి సరిగ్గా ఆ రుచే ఇస్తాయని చాలా నెలల తర్వాత ఒక కెమిస్టు చెబితే తెలిసింది. మన తాగునీటి ప్రమాణంలో ఫినాల్‌కు లీటరుకు 0.001 మిల్లీగ్రాము అన్నంత చిన్న పరిమితి పెట్టింది అందుకేనట.

ఊళ్లో జల్ జీవన్ మిషన్ కింద శిక్షణ తీసుకున్న మహిళా సంఘం సభ్యులున్నారు, వాళ్ల దగ్గర నీళ్లు పరీక్షించే కిట్టు ఉంది. అందరం చేరి పరీక్ష చేశాం. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్. గొట్టంలో రంగులన్నీ బుద్ధిగా కార్డులో చూపించినట్టే వచ్చాయి. చేతిలో గొట్టం మంచి నీళ్లంటోంది, ముక్కు కాదంటోంది. ఆ కిట్టు సాల్వెంట్లను, అంటే మందుల తయారీలో పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలను, పట్టుకోవడానికి చేసింది కాదు. ఆ ముక్క కిట్టు పెట్టె మీద రాసి ఉండదు.

ఆగస్టులో ప్రజావాణికి వెళ్లాం. సోమవారం పొద్దున్నే కలెక్టరేట్ దగ్గర వరుసలో నిలబడి, అర్జీ ఇచ్చి, నంబరున్న రసీదు తీసుకున్నాం. ఆ అర్జీ ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి, అక్కడి నుంచి మరో చోటికి వెళ్లింది. నెల దాటాక ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో అందులో లేదు. ఆ పూట వాసన ఇంకా పోలేదు కాబట్టి నాకు నవ్వొచ్చింది, మా ఆయనకు కోపమొచ్చింది. అయితే ఆ రసీదు పారేయకండి. తర్వాత ట్రిబ్యునల్లో, ఊరు ఎప్పుడు నోరు విప్పిందని ప్రశ్న వచ్చినప్పుడు మా చేతిలో ఉన్న మొదటి ఆధారం అదే.

సెప్టెంబరులో చందాలు వేసుకుని నగరంలో గుర్తింపు ఉన్న ఒక ప్రైవేటు ల్యాబుకు నీళ్లు పంపాం. తాగునీటి పరీక్ష మొత్తం చేయమన్నాం. ఐదు వేల పైచిలుకు అయింది. పది రోజుల తర్వాత రిపోర్టు చేతికొచ్చింది. లీటరుకు కరిగిన లవణాలు 1,400 మిల్లీగ్రాముల దగ్గర. ప్రమాణం ప్రకారం 500 ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా అనుమతిస్తారు. కాఠిన్యమూ అంతే, ఆ రెండో గీతకు లోపలే. కింద ఒక వాక్యం: పరీక్షించిన అంశాల మేరకు అనుమతించిన పరిమితుల్లో ఉన్నది.

ఆ రిపోర్టు ఎలా వెళ్లిందో కంపెనీ వాళ్ల చేతికి వెళ్లింది. వారం తిరక్కుండా వాళ్ల మనిషి ఒకాయన దాని కాపీలు ఇంటింటికీ పంచాడు, చూశారా మీరే చేయించిన పరీక్ష అని. ఆ కాపీలు నా దుకాణంలోనే తీయించాడు. పేజీకి రెండు రూపాయలు లెక్క కట్టి తీసుకున్నాను.

ఆ దశలో చాలామంది చల్లబడ్డారు. మమ్మల్ని నిలబెట్టింది మందుల కంపెనీల్లో పాతికేళ్లు పనిచేసి రిటైరైన ఒక కెమిస్టు. పక్క పట్టణంలో ఉంటారు, బంధువుల ఇంటికి వచ్చి నీళ్ల సంగతి విన్నారు. రిపోర్టు తిరగేసి ఒకే మాట అన్నారు: “అమ్మా, పేరు చెప్పకుండా వెతకమంటే ఏ యంత్రమూ వెతకదు. లోపల ఏమి వాడుతున్నారో ముందు తెలుసుకోండి. ఆ పేర్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లండి.” మన తాగునీటి ప్రమాణం పట్టికలో యాంటీబయాటిక్ అవశేషాల మాటే లేదు, మందుల తయారీలో వాడే చాలా సాల్వెంట్లూ లేవు. ప్రమాణం మొత్తం పరీక్షించినా లేనివి లేనట్టే వస్తాయి. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపెట్టింది స్వీడన్ పరిశోధకులు. అది కూడా అక్కడ తయారయ్యే మందుల పేర్లు పట్టుకుని వెతికితేనే దొరికింది.

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే. ధర్నా కన్నా, పేపర్లో వార్త కన్నా ముందు కంపెనీ కాగితాలు. నవంబరులో సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టాం. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అడగడంలో కొంచెం జాగ్రత్త కావాలి. “కాలుష్యంపై సమాచారం ఇవ్వండి” అంటే ఏమీ రాదు. ఫలానా కంపెనీకి ఇచ్చిన తాజా నిర్వహణ అనుమతి ఉత్తర్వు, దాని షరతులు, ఉత్పత్తుల జాబితా, ప్రమాదకర వ్యర్థాల మీద ఏటా ఇచ్చే రిటర్నులు, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు అని విడివిడిగా అడగాలి. పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని ఉత్తరం వచ్చింది, కట్టాం. మరో దరఖాస్తుకు గడువు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేశాం. అలా కాగితాలన్నీ చేతికొచ్చేసరికి 2023 సంక్రాంతి దాటింది.

పర్యావరణ అనుమతి కోసం మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. అది కేంద్రం వారి పరివేష్ వెబ్‌సైటులో ఉంటుంది. అనుమతి పొందిన కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, దాన్ని తన వెబ్‌సైటులోనూ పెట్టాలి. ఒక రాత్రి దుకాణం మూశాక ఆ నివేదికలన్నీ ప్రింటు తీసి పక్కపక్కన పరిచాను. కంపెనీ ఆవరణలోని పరిశీలక బోర్ల నీటి పరీక్ష అంకెలు ప్రతి నివేదికలో ఒక పట్టికగా ఉంటాయి. రెండు వరుస నివేదికల్లో ఆ పట్టిక దశాంశంతో సహా ఒకటే. పీహెచ్ 7.42, మళ్లీ 7.42. ఎండాకాలపు నీళ్లు, వానాకాలం తర్వాతి నీళ్లు అంత పొంకంగా ఎలా కలిశాయో ఆ దేవుడికే తెలియాలి. రోజంతా కాపీలు తీసే మనిషికి కాపీని గుర్తుపట్టడం నేర్పనక్కర్లేదు. కెమిస్టు గారికి చూపిస్తే ఆయన అంకెల వైపు చూడకుండా ముందు సాల్వెంట్ల జాబితా కింద గీత గీశారు: టోలీన్, డైక్లోరోమీథేన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

ఈలోగా ఊళ్లో జరిగింది రాయాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అక్టోబరులో గ్రామసభ తీర్మానం చేసింది: బోర్ల నీళ్లు ఆపాలి, కారణం తేల్చాలి, ఖర్చు కంపెనీ భరించాలి. నవంబరు చివరికల్లా కంపెనీ వాళ్లు బస్టాపు దగ్గర ఆర్వో ప్లాంటు పెట్టించారు. కార్డు గీస్తే ఇరవై లీటర్ల క్యాను, మొదటి ఆరు నెలలు ఉచితం. రిబ్బన్ కత్తిరించారు, లడ్డూలు పంచారు. ఊరిలో సగం మంది “ఇంకేం కావాలి, నీళ్లొచ్చాయి కదా” అన్నారు. ఆ నీళ్లు నేనూ తెచ్చుకున్నాను, దాహానికి పంతం పనికిరాదు. కానీ ప్లాంటు ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: నీటి విషయంలో గ్రామానికి ఇక ఎటువంటి ఫిర్యాదు లేదు. సర్పంచు గారు అది చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు, ఆ వాక్యం కొట్టేయించాకే పెట్టారు. మీ ఊళ్లో ఉచితంగా ఏది వచ్చినా దాని కింద కాగితం అడిగి చదవండి.

మా ఇంట్లో గొడవ వేరే. మా మరిది ఆ కంపెనీలోనే కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. డిసెంబరులో ఒక రాత్రి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

“వదినా, కాంట్రాక్టరు పిలిచి అడిగాడు, ఆ జిరాక్స్ ఆవిడ మీ ఇంటి మనిషేనా అని.”

“అవునని చెప్పు. అబద్ధమెందుకు?”

“చెప్పాను. రేపటి నుంచి నైట్ డ్యూటీ వేశాడు.”

మా ఆయన ఏమీ మాట్లాడలేదు. మా తోటికోడలు కొన్ని నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే కథ. కంపెనీ జీతం తిని కంపెనీ మీద కేసా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఆ నీళ్లే వాళ్ల పిల్లలూ తాగుతున్నారని చెబితే తల దించుకునేవారు తప్ప సంతకం పెట్టేవారు కాదు.

2023 ఫిబ్రవరిలో రెండోసారి నమూనాలు తీశాం. ఈసారి పేర్లతో. కొంచెం వివరంగా రాస్తాను. ల్యాబు వాళ్లే మనిషిని పంపారు; దానికి అదనంగా కట్టాం. పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు వార్డు సభ్యులు, ఇద్దరు ఊరి పెద్దలు సాక్షులు. బోరు మోటారు వేసి పావుగంట నీళ్లు వదిలేశారు, గొట్టంలో నిలవున్నది పోవడానికి. సాల్వెంట్ల పరీక్షకు చిటికెన వేలంత గోధుమరంగు గాజు సీసాలు. అంచుదాకా నింపి, నీటి ఉబ్బు మీదే మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూశాడు ఆ కుర్రాడు. లోపల చిన్న గాలి బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపాడు. బుడగుంటే సాల్వెంటు ఆవిరై అందులోకి చేరి లెక్క తప్పుతుందట. సీసాకు చీటీ, చీటీ మీద సమయం, బోరు గుర్తు, సంతకాలు, మూత మీద లక్క. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు సాయంత్రానికి ల్యాబులో అప్పగించారు. పంచనామా తెలుగులో రాశాం. మొదటిసారి మేం పంపింది ప్లాస్టిక్ సీసాలో, బస్సులో.

ఖర్చు మొదటి దానికి మూడింతలైంది. మహిళా సంఘాల వాళ్లు ఇంటికి వంద చొప్పున వేశారు. రిపోర్టు వచ్చేదాకా మూడు వారాలు సరిగా నిద్రలేదు. ఏమీ లేదని వస్తే ఊళ్లో తలెత్తుకోలేను, ఉందని వస్తే అవే నీళ్లు పిల్లలకు పోశాం. రెండిట్లో ఏది రావాలని కోరుకోవాలో తెలియని స్థితి. ఉందనే వచ్చింది. పంచాయతీ బోర్లలో రెండింటిలో డైక్లోరోమీథేన్, ఒకదానిలో టోలీన్ కూడా. డైక్లోరోమీథేన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.02 మిల్లీగ్రాము, కంపెనీ ప్రహరీకి దగ్గరి బోరులో దానికి చాలా రెట్లు ఉంది. ఆ కాగితం చదువుకుని మా పెద్దమ్మాయిని దగ్గరికి పిలిచాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

అప్పటికి గడువు తరుముతోంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపిస్తే మరో అరవై రోజులు. జులై నుంచి లెక్కపెడితే ఆరు నెలలు జనవరిలోనే అయిపోయాయి. నష్టపరిహారం, పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు మాత్రం ఐదేళ్లు. లాయరు రెండు సెక్షన్ల కిందా వేసి, ఆలస్యాన్ని మన్నించమని పక్కన ఇంకో పిటిషన్ జోడించారు. మార్చి మొదటి వారంలో చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనంలో దాఖలైంది. ఫలానా మొత్తం పరిహారం కావాలని అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. అందుకే పర్యావరణం సంగతి ముందు తేల్చుకుని, ఇంటింటి నష్టం తర్వాత అడుగుదామన్నారు.

వెయ్యి రూపాయలే కదా అని సంబరపడ్డాను. అసలు ఖర్చు వేరే చోట తేలింది. తెలుగు కాగితం ప్రతిదానికీ ఇంగ్లీషు అనువాదం పెట్టాలి: గ్రామసభ తీర్మానం, పంచనామా, ప్రజావాణి అర్జీ, అన్నీ. అనువాదానికి పేజీ లెక్కన పోశాం. ఫైళ్ల సెట్లు మాత్రం నా యంత్రం మీదే తీశాను. టోనరు ఖర్చు చందాల లెక్కలో రాయలేదు, మా ఆయన రాయమన్నాడు. లాయరు తన ఫీజు తీసుకోలేదు, టైపింగు, ప్రయాణం ఖర్చులు మాత్రం తీసుకున్నారు. చెన్నైకి ఒకసారే వెళ్లాం. వాదనలు వీడియోలో నడుస్తాయి, మేం దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే చూశాం. పొద్దున పదిన్నర నుంచి కాచుకుంటే మధ్యాహ్నం మా నంబరు వస్తుంది, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి రోజు పదిమంది పైనే గుమిగూడారు, వాయిదా అని వినగానే “ఇంతేనా?” అన్నారు. తర్వాతి వాయిదాలకు నేనూ, ఒక వార్డు సభ్యురాలూ మిగిలాం.

ఏప్రిల్‌లో నోటీసులు, సంయుక్త కమిటీ వేస్తూ ఉత్తర్వు. కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ల నుంచి ఒక్కొక్కరు, భూగర్భజల శాఖ నుంచి ఒకరు, కలెక్టరు తరఫున ఒకరు. వేసవి పోయి జులైలో వచ్చారు. రెండు రోజుల ముందే కంపెనీ గోడలకు సున్నం పడింది. ప్రహరీ లోపలి వాననీటి కాలువలు కడుగుతున్న చప్పుడు ఊళ్లోకి వినిపించింది. లోపలికి మమ్మల్ని రానివ్వలేదు, అది వాళ్ల హక్కేనట. లోపలి వ్యర్థజలం నమూనా తీసేటప్పుడు 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కంపెనీకి నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, ఇరుపక్షాలూ సీలు వేసి సంతకం పెట్టాలి. ఈ తంతులో ఏది తప్పినా ఆ పరీక్ష ఫలితం సాక్ష్యంగా చెల్లదు. మనం కాలువలో ముంచి తెచ్చిన సీసా ఎందుకు చెల్లదో అప్పుడు బోధపడింది.

కమిటీని ప్రహరీ వెనక్కి తీసుకెళ్లింది మా పక్క వీధి పశువుల కాపరి. వాననీటి గొట్టం నాలాలో కలిసే చోటు అతనికి తెలుసు, ఎందుకంటే అక్కడ గడ్డి మొలవదు. అధికారుల్లో ఒకాయన కూర్చుని ఆ మట్టి చేతిలోకి తీసుకున్నారు, వాసన చూశారు, ఏమీ అనకుండా నమూనా కవరు తెప్పించారు. ఖాళీ డ్రమ్ములు పేర్చే చోటు నుంచి వాన కడిగినదంతా ఆ గొట్టంలోకి వస్తోందని తర్వాత నివేదికలో రాశారు. లోపల శుద్ధి యంత్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. తప్పు కురిసే వానతో బయటికి నడిచింది.

కంపెనీ జవాబు అఫిడవిట్ దళసరి పుస్తకమంత వచ్చింది. సారాంశం మూడు ముక్కలు. ఒకటి, మాది ఒక్క చుక్క వ్యర్థజలం బయటికి వదలని కర్మాగారం. రెండు, డైక్లోరోమీథేన్‌కు భారత తాగునీటి ప్రమాణంలో పరిమితి లేదు, లేని పరిమితిని ఎలా దాటుతాం? మూడు, ఈ ప్రాంతపు భూగర్భజలం దశాబ్దాలుగా పాడైనదే, ఎవరి పాపమో ఎవరు తేలుస్తారు?

మూడోది నాకు భయం పుట్టించింది. ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. పటాన్‌చెరు సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. నక్కవాగు, అది కలిసే మంజీర, అక్కడి రైతుల బోర్లు, డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు జీవితమంతా చేసిన పోరాటం. ఆ కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001లో హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. “ఎవరిదో తేల్చండి” అన్న మాట దగ్గర ఊళ్లు ముసలివైపోతాయి.

మా లాయరు 1999 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దగ్గర పెట్టబోయిన నూనె కర్మాగారం కేసు అది. హాని లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పరిశ్రమదేనని అందులో ఉంది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని పాటించాలని ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షన్‌లోనే రాసి ఉంది. పాత కాలుష్యం ఉంటే ఉండనీ, ఈ పేరుగల సాల్వెంటు కొంటున్నది ఎవరో కొనుగోలు లెక్కలు తెప్పించండి అని అడిగారు. కవలల్లాంటి ఆ రెండు పట్టికలు కూడా ధర్మాసనం ముందు పెట్టారు. కంపెనీ లాయరు “టైపింగు పొరపాటు” అన్నారు. ఆ రోజు మాత్రం వాయిదా ఐదు నిమిషాల్లో పడలేదు.

కమిటీ నివేదిక రెండు వాయిదాలు దాటి నవంబరులో వచ్చింది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. గ్రామసభ తీర్మానం ముందే చేసి ఉండడం ఎంత మేలైందో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అలాంటి తీర్మానం కోసం ఎవరిని అడగాలో కూడా తెలిసేది కాదు. మార్చిలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది: ఆ బోర్లు మూసేయాలి, కంపెనీ ఖర్చుతో రోజూ నీళ్లు సరఫరా చేయాలి, డ్రమ్ముల చోటు మీద కప్పు వేసి వాననీటి కాలువ వేరు చేయాలి, మట్టినీ భూగర్భజలాన్నీ శుభ్రపరిచే ప్రణాళిక ఇవ్వాలి, పర్యావరణ పరిహారం లెక్కగట్టాలి.

పరిహారం అనగానే ఊళ్లో పండగ వాతావరణం. ఇంటికి ఎంతొస్తుందని నా దుకాణం ముందే లెక్కలు. లాయరు ఫోనులో విడమరిచి చెప్పారు. కేంద్ర మండలి సూత్రం ప్రకారం కాలుష్య సూచికను ఉల్లంఘన జరిగిన రోజులతోనూ, ఒక రూపాయల గుణకంతోనూ, పరిశ్రమ పరిమాణానికీ చోటుకూ ఉన్న గుణకాలతోనూ హెచ్చిస్తారు. కాలుష్యం ఎక్కువని లెక్కకట్టిన రెడ్ కేటగిరీ పరిశ్రమకు సూచిక 80, గుణకం మామూలుగా 250. పెద్ద పరిశ్రమ, పది లక్షల లోపు జనాభా ఉన్న చోటు అయితే రోజుకు 30 వేల రూపాయలు. అది ఊరికి రాదు. మండలి ఖాతాకు వెళ్లి పర్యావరణ పనులకు ఖర్చవుతుంది. పైగా రోజుల లెక్క మా కేసులో తనిఖీలో తప్పు పట్టుకున్న నాటి నుంచి వేశారు. మేం వాసన నీళ్లు తాగిన 2022 జులై నుంచి 2023 జులై దాకా ఉన్న ఏడాది ఆ లెక్కలో లేదు. అంత పెద్ద కంపెనీకి రోజుకు 30 వేలు ఏ మూలకు? ఈ మాట నలుగురిలో చెప్పడం నా పాలిట పడింది. ఒకాయన మొహం మీదే అన్నాడు, “అంటే అక్కా, మేం వేసిన చందాలు ప్రభుత్వానికి ఆదాయమా?” అని. జవాబు చెప్పలేకపోయాను.

ట్యాంకరు 2024 మే నుంచి వస్తోంది. ఉత్తర్వుకూ ట్యాంకరుకూ మధ్య రెండు నెలలు పట్టింది, అదీ ఉత్తర్వు అమలు చేయించమని పిటిషన్ వేస్తామని లాయరు నోటీసు పంపాక. మొదట్లో రాని రోజు వచ్చినట్టు చిట్టా రాసేవారు. అందుకని వాల్వు దగ్గర నోటు పుస్తకం వేలాడదీశాం, వచ్చిన సమయం రాసి ఇద్దరు ఆడవాళ్లు సంతకం పెడతారు. నెలాఖరున దాని కాపీ లాయరుకు వెళ్తుంది. నాలా పక్కనున్న గొట్టం మూసేశారు. ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి. మూసిన బోర్లలో మూడు నెలలకోసారి పరీక్ష చేస్తున్నారు. టోలీన్ కనిపించడం లేదు, డైక్లోరోమీథేన్ తగ్గింది కానీ పోలేదు. అది నీటికన్నా బరువు, అడుగుకు దిగి రాతి పగుళ్లలో కూర్చుంటుందని, ఏళ్లు పట్టవచ్చని కెమిస్టు గారు ముందే చెప్పారు. ఆరోగ్యం సంగతి ఎవరూ తేల్చలేదు. ఫలానా రోగం ఫలానా నీళ్ల వల్లే అని రాసివ్వడానికి ఏ డాక్టరూ ఒప్పుకోలేదు, వాళ్ల ఇబ్బందీ అర్థమైంది.

ఇప్పుడు నడుస్తున్నది 15వ సెక్షన్ కింద ఇంటింటి క్లెయిములు: కొనుక్కున్న క్యాన్ల ఖర్చు, పశువుల నష్టం, పనికిరాకుండా పోయిన సొంత బోర్లు. ఫారంతోపాటు రేషన్ కార్డు కాపీ, ఇంటి పన్ను రసీదు, బోరు వేయించిన బిల్లు, పశువైద్యుడి చీటీ కావాలి. బిల్లులు దాచుకున్న ఇళ్లు ఊళ్లో తక్కువ. క్యాను నీళ్లకు బిల్లెవరిస్తారు? ఆ చోట ఇరుగుపొరుగుల వాంగ్మూలం రాయిస్తున్నాం. క్లెయిము మొత్తం మీద ఒక శాతం ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ఇప్పటివరకు మూడో వంతు ఇళ్లే ముందుకొచ్చాయి. కంపెనీలో పనిచేసేవాళ్ల ఇళ్లు ఇంకా ఆలోచిస్తున్నాయి. మా మరిది ఫారం తీసుకెళ్లి చాలా రోజులు దగ్గర పెట్టుకున్నాడు. కిందటి వారం మా తోటికోడలు తన పేరు మీద నింపి తెచ్చి ఇచ్చింది, కాపీలకు డబ్బులు కూడా ఇవ్వబోయింది. ఐదేళ్ల గడువు 2027 జులైకి పడుతుంది.